మావయ్యకు చదివి వినిపించిన క్రికెట్ పుస్తకాలు

మొన్న మా తమ్ముడి కూతురు ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. వాళ్ళ ఆఫీసులో ఒకాయనకు క్రికెట్ అంటే ప్రాణమట. ఊరు మారి వెళ్ళిపోతున్నాడు కాబట్టి మంచి క్రికెటర్ ఆత్మకథ ఒకటి కొనిస్తారట. "అత్తా, ఒక్క పేరు చెప్పు చాలు" అంది. రాజమండ్రిలో అన్నేళ్ళు కాలేజీ పిల్లలకు ఇంగ్లిషు చెప్పిన మేనత్తకు పుస్తకాల పేర్లు నాలుక చివర ఉంటాయని దాని నమ్మకం. నాకు మాత్రం ఆ మెసేజ్ చూడగానే ఒళ్ళు మండింది. పాపం, దానిమీద కాదు. క్రికెట్ ఆత్మకథల మీద. అవి నన్ను ఒక ఎండాకాలమంతా పడరాని పాట్లు పెట్టాయి.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, మండపేట దగ్గర పల్లెలో వ్యవసాయం చేసేవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టుకు వికెట్ కీపరు. మోకాళ్ళు మొరాయించాక అంపైరు. రెండో పంట దాళ్వా వరి కోతలు అయిపోయి చేలు ఖాళీ పడగానే మోళ్ళు చదును చేసి, మ్యాటు పరిచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆడేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల టోపీతో మావయ్య వికెట్ల వెనక నిలబడితే ఆయన వేలికి ఎదురు చెప్పేవాడు లేడు. ఒకసారి మా నాన్నను, అంటే సొంత బావగారిని, ఎల్బీడబ్ల్యూ అని అవుటిచ్చాడు. నాన్న ఆ ఏడాదంతా అత్తారింటి గుమ్మం తొక్కలేదు. బంతి లెగ్‌స్టంప్ బయట పడిందని నాన్న చివరిదాకా వాదించాడు. మావయ్య అసలు వాదించనేలేదు, నవ్వి ఊరుకునేవాడు.

రెండు వేల సంవత్సరం వేసవిలో, పెద్ద పెద్ద ఆటగాళ్ళు డబ్బు తీసుకుని ఆడారంటూ రోజూ పేపర్లలో వార్తలు మొదలయ్యాయి. మొదట మావయ్య నమ్మలేదు. తరవాత ఒక్కొక్కటే బయటికొస్తుంటే పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. టీవీలో మ్యాచ్ వస్తుంటే లేచి పశువుల పాకలోకి వెళ్ళిపోయేవాడు. టోపీ తీసుకెళ్ళి బెండతోటలో దిష్టిబొమ్మకు పెట్టాడు. అంపైరింగ్‌కు రమ్మని ఊళ్ళోవాళ్ళు వస్తే, "ఎవడు ఆడుతున్నాడో, ఎవడు నటిస్తున్నాడో తెలీనప్పుడు నేనక్కడ నిలబడి ఏం చూడాలర్రా?" అని పంపించేశాడు. అక్కడితో ఆగలేదు. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. అత్తయ్య నాకు ఫోన్ చేసి, "మీ మావయ్య అన్నం తింటున్నాడు, పడుకుంటున్నాడు, అంతేనమ్మా. పలకరిస్తే ఊఁ అంటాడు. సెలవులేగా నీకు, ఏదన్నా మంచి పుస్తకం పట్టుకుని రా" అంది.

నేను ఉత్సాహంగానే వెళ్ళాను. మావయ్యకు ఇంగ్లిషు అంతంతమాత్రం, తెలుగులో అలాంటి పుస్తకాలు నాకు దొరకలేదు. అందుకని మధ్యాహ్నాలు వరండాలో ఆయన పడక్కుర్చీ పక్కన కూర్చుని, ఇంగ్లిషులో చదువుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. మొదటిది ఒక మహా బ్యాట్స్‌మన్ ఆత్మకథ. ఇటుకరాయంత ఉంది. తాతగారు, నాన్నగారు, గురువుగారు, దిగిన హోటళ్ళు, అందుకున్న సన్మానాలు. కాసేపు విని మావయ్య, "ఇది ఆత్మకథా, శుభలేఖా? బంధుమిత్రులందరి పేర్లూ ఉన్నాయి, ఆట ఏదే?" అన్నాడు. రెండోది ఒక ఫాస్ట్ బౌలర్‌ది. కోపిష్టి మనిషి కాబట్టి నిజాలు చెబుతాడనుకున్నాను. చెప్పాడు, కానీ అన్నీ అవతలివాళ్ళ గురించే. కెప్టెన్ పనికిరాడు, ఫీల్డర్లు పనికిరారు, బోర్డు పనికిరాదు. "ఇన్నేళ్ళలో ఈయన ఒక్క చెత్త బంతీ వెయ్యలేదా?" అని మావయ్య లేచి వెళ్ళిపోయాడు. మూడోదాన్ని నేనే సగంలో ఆపేశాను. ఎండకు చెమటలు కక్కుతూ, కరెంటు లేక విసనకర్రతో విసురుకుంటూ, ఎవరో తనను తాను పొగుడుకుంటుంటే దాన్ని నేను కష్టపడి తెలుగు చెయ్యడం ఏమిటని ఏడుపొచ్చింది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, మా తమ్ముడి కూతురికైనా సరే, నేను చెప్పేది ఒక్కటే. పుస్తకం కొనేముందు ఆ ఆటగాడు తను ఓడిపోయిన మ్యాచ్ గురించి రాసిన పేజీ తెరవండి. పిచ్‌నూ, వాననూ, అంపైర్నూ తిట్టేసి గబగబా తరవాతి సెంచరీకి వెళ్ళిపోయాడంటే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి.

చివరికి మధ్యలో ఒకరోజు రాజమండ్రి వెళ్తే పాత పుస్తకాల కొట్లో ఒక బక్క పుస్తకం దొరికింది. కొద్ది మ్యాచ్‌లు ఆడి తెరమరుగైన ఒక పాతకాలపు వికెట్ కీపర్ రాసుకున్నది. అందులో ఒక క్యాచ్ గురించి ఉంది. బంతి గ్లవ్స్‌లోకి రాకముందే నేలను తాకింది. ఆ సంగతి కీపర్‌కు తెలుసు. అయినా పట్టానని అరిచాడు. బ్యాట్స్‌మన్ వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆ బ్యాట్స్‌మన్‌ను మళ్ళీ జట్టులోకి తీసుకోలేదు.

నేను ఇంకా తెలుగులో చెప్పడం పూర్తి చెయ్యనేలేదు, మావయ్య కుర్చీలోంచి లేచాడు. "అప్పుడు నోరు పడిపోయిందా? వాడి బతుకు పాడయ్యాక, ఈయన ముసలాడయ్యాక, ఇప్పుడు పుస్తకం రాస్తాడా!" అని అరిచి, ఆ మండుటెండలో చెప్పులైనా వేసుకోకుండా చేలగట్టు మీద పడి వెళ్ళిపోయాడు. నేను పుస్తకం మంచం మీద గిరాటేసి, "ఇంక నావల్ల కాదు అత్తయ్యా, రేపు మొదటి బస్సుకే వెళ్ళిపోతాను" అన్నాను. అత్తయ్య మాత్రం వీధి గుమ్మంలో నిలబడి అటే చూస్తూ, "అరిచాడే అమ్మాయ్! ఇన్నాళ్ళకి అరిచాడు!" అంది.

తెల్లారి నేను సంచి సర్దుకుంటుంటే మావయ్య గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఆ అవుటైనవాడు ఏమయ్యాడో రాశాడా?" అన్నాడు. సంచి పక్కన పెట్టి చదివాను. ఎన్నో ఏళ్ళ తరవాత కీపర్ ఊరు వెతుక్కుంటూ ఆ బ్యాట్స్‌మన్ ఇంటికి వెళ్ళాడు, జరిగింది చెప్పేశాడు. ఆయన కాఫీ ఇచ్చి, "నువ్వు పట్టానన్నావు కదా, అందుకే నేను అంపైర్ వైపు కూడా చూడలేదు" అన్నాడట. మావయ్య వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "ఎంత మాటన్నాడే" అని ఒకసారి అన్నాడు.

ఆ ఆదివారం పొరుగూరితో మ్యాచ్. ఎవరూ పిలవకుండానే మావయ్య వెళ్ళి నిలబడ్డాడు. ఆట మొదలుపెట్టేముందు రెండు జట్ల కీపర్లనూ దగ్గరికి పిలిచి, "బంతి నేలకి తగిలితే నాకు కనపడకపోవచ్చు. మీకు తెలుస్తుంది. చెప్పేయండి, అంతే" అన్నాడు. వాళ్ళు ఈయనకేమైందన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టీవీలో మ్యాచ్‌లు మాత్రం ఆయన మళ్ళీ మునుపటిలా చూడలేదు. ఊరి ఆటే చాలన్నాడు.

కొన్నేళ్ళకు చూపు తగ్గింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక మ్యాచ్‌లో మంచి పోటీగా ఉన్నప్పుడు బౌలర్ గట్టిగా అప్పీలు చేశాడు. అందరూ మావయ్య వేలికేసి చూస్తున్నారు. ఆయన వేలెత్తలేదు, తల కూడా అడ్డంగా ఊపలేదు. "నాకు బంతి కనపట్లేదర్రా. వేరేవాళ్ళని పెట్టుకోండి" అని చెప్పి గట్టెక్కి ఇంటికొచ్చేశాడు. ఆ సాయంత్రం ఈ సంగతి ఫోన్లో నాకు తనే చెప్పాడు, గొంతులో బాధేమీ లేకుండా. ఆ కీపర్ ఏళ్ళ తరబడి మోసినటువంటి బరువును మావయ్య అక్కడికక్కడే దించేసుకుని హాయిగా ఉన్నాడు. ఎంత కాలం గడిచిందని అందరం లెక్కవేసుకుంటాం గాని, చెప్పాల్సిన మాట ఎప్పుడు చెప్పేశామన్న దాన్నిబట్టే ఆ కాలం బరువుగానో తేలికగానో మిగులుతుందేమో.