జీడిపప్పు ఫ్యాక్టరీలో సన్మానం

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లకి ఒక పిచ్చి పట్టుకుంది. గుళ్లూ గోపురాలూ తిరగడం అయిపోయింది, ఇప్పుడు ఏ వస్తువు ఎక్కడ ఎలా తయారవుతుందో లోపలికెళ్లి చూడాలి. అప్పుడప్పుడు వ్యాను మాట్లాడుకుని ద్వారకా నగర్ నుంచి బయల్దేరతాం. రైసు మిల్లు చూశాం, పాల డెయిరీ చూశాం, కొబ్బరిపీచు తాళ్లు పేనేచోటు చూశాం. ఈ పిచ్చి అంటించింది నేనే. మా ఆయన పోర్టులో పనిచేసినన్నాళ్లూ ఇంటికొచ్చి ఓడల కబుర్లు చెప్పేవారే కానీ, ఒక్కసారి లోపలికి తీసుకెళ్లిన పాపాన పోలేదు. ఆ కసి కాబోలు, మూసిన గేటు కనబడితే చాలు లోపలేముందో చూడాలనిపిస్తుంది నాకు.

వెళ్లిన ప్రతిచోటా మాకొక పద్ధతి ఉంది. ఊరికే చూసి వచ్చేస్తే ఏం మర్యాద? యజమానికి శాలువా కప్పాలి, రెండు మాటలు మాట్లాడాలి, ఫొటో దిగాలి. శాలువాలు కొనేదీ నేనే, మాట్లాడేదీ నేనే. మైకు లేకపోయినా నాకు ఇబ్బంది లేదు.

మొన్న వేసవిలో ఎలమంచిలి దాటాక ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లాం. పొద్దున్నే వస్తామని చెప్పి, అనకాపల్లిలో టిఫిన్‌కి ఆగి, అక్కడ దోసె బాలేదని ఇంకో హోటలుకి మారి, చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గేటు పక్కన కాస్త నీడలో ఒక పెద్దావిడ నెలల పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఏమైందని అడిగాను.

"ఆకలమ్మా. దీని తల్లి నా కోడలే, లోపల పిక్కలు కొడతాది. మజ్జానం గంట కొడితే బయిటికొచ్చి పాలిత్తాది. ఈ గుంట డబ్బా పాలు ముట్టదు. ఏటో, ఈయేళ గంట ఇంకా కొట్టనేదు."

"కొట్టేస్తారులెండి" అన్నాను, ఆ ఫ్యాక్టరీ నాదైనట్టు.

లోపల యజమాని ఎదురొచ్చి మజ్జిగ ఇప్పించాడు. మేం ఆలస్యానికి నొచ్చుకోబోతుంటే ఆయనే అడ్డుపడ్డాడు. "ఫర్లేదు మేడమ్. మీకోసమే గంట కొట్టొద్దన్నాను. కొట్టేత్తే అందరూ అన్నాలకి ఎల్లిపోతారు. ఖాళీ షెడ్డు ఏటి సూత్తారు?"

అప్పుడే చెప్పాల్సింది. గంట కొట్టించండి బాబూ, బయట పసిపిల్ల ఏడుస్తోంది అని. మాట నోటిదాకా వచ్చింది. మన కోసం అంత అభిమానంగా చేసినాయనని కాదనడం ఎలా అని మొహమాటపడ్డాను. గబగబా చూసేసి వెళ్లిపోదాం అనుకున్నాను. మా వాళ్లతో గబగబా అయ్యే పని ఈ భూమ్మీద ఏదైనా ఉందా?

షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. కాలితో తొక్కుతుంటే కత్తి దిగుతుంది, జీడిపిక్క రెండవుతుంది, లోపలి పప్పుని సూదితో పైకి లాగుతారు. పిక్క తొక్కలోని రసం తగిలితే చర్మం పొక్కిపోతుందట. అందుకని చేతులకి ఆముదం రాసుకుంటారు, అయినా వేళ్లు నల్లగా, పొట్టు రేగి ఉన్నాయి. మా వాళ్లు గుండ్లు ఎన్ని వస్తాయి, బద్దలు ఎన్ని వస్తాయి అని అడుగుతూనే ఉన్నారు. యజమాని నేతిలో వేయించిన జీడిపప్పు ప్లేట్లలో పంచాడు. అన్నం తినని ఆ ఆడవాళ్ల ముందు నిలబడి మేం తిన్నాం. నేనూ తిన్నాను, బాగుందని కూడా అన్నాను.

పాప ఏడుపు షెడ్డులోకి వినిపిస్తూనే ఉంది. చివరి వరసలో ఒకమ్మాయి చేతులవైపు కాకుండా తలుపువైపు చూస్తూ పనిచేస్తోంది. చీరమీద వేసుకున్న మగవాళ్ల చొక్కా గుండెల దగ్గర తడిసిపోయింది. ముగ్గురిని కని పెంచినదాన్ని, అది చెమట కాదని నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

యజమానికి శాలువా కప్పాక నాకొక ఆలోచన వచ్చింది. సంచిలో ఇంకో శాలువా ఉంది. ఆ అమ్మాయిని సన్మానం పేరుతో ముందుకి పిలిస్తే, ఆ వంకన పాప సంగతి యజమాని చెవిన వేసి బయటికి పంపించేయొచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక్క చిన్న మాట చెప్పడానికి శాలువా కావలసొచ్చిన తెలివి అది.

పిలిచాను. చేతులు అలా ఉంటే ఫొటోలో బాగోవని యజమాని కడుక్కు రమ్మన్నాడు. ఆ నలుపు ఒకపట్టాన వదలదు. వచ్చాక శాలువా కప్పాం. మా వాళ్లలో ఒకావిడ కళ్లు మూసేసిందని ఫొటో మళ్లీ తీశారు. "మేడమ్ గారు మాట్లాడతారు" అన్నాడు యజమాని. చెవిలో చెప్పాల్సిన మాట పక్కకిపోయింది, నేను మాట్లాడాను. స్త్రీల శ్రమ గురించి మాట్లాడాను. అమ్మతనం ఎంత గొప్పదో కూడా మాట్లాడాను. పక్కన ఆ అమ్మాయి తడిసిన చొక్కా మీద శాలువాని గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. చప్పట్లు కొట్టారు.

"నువ్వూ రెండు ముక్కలు సెప్పమ్మా" అన్నాడు యజమాని.

ఆమె ఆయనవైపు చూసి, "ఎల్లమంటారా అయ్యా?" అంది.

మా వాళ్లు నవ్వారు. సిగ్గరి పిల్ల అన్నారు. అప్పుడు గంట కొట్టించారు.

మేం వీడ్కోళ్లు చెప్పుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె పాపని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. పాప నిద్రపోయింది. నిద్రలో కూడా వెక్కుతోంది. తల్లి దాని అరికాళ్లు రుద్దుతోంది, బుగ్గ తడుతోంది, నోటికి అందిస్తోంది. పాప పెదవులు కదలడం లేదు.

"ఏడిసి ఏడిసి సొమ్మసిల్లిపోనాది. లెగట్నేదు" అంది అత్తగారు.

ఆలస్యమైందని ఆవేళ భోజనాల సమయం కోసేశారట, ఇంతలోనే గంట మళ్లీ మోగింది. ఆమె పాపని అత్తగారికి అందించి, గోడవైపు తిరిగి, పాలు మట్టిలోకి పిండుకుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

చొక్కా సర్దుకుని లోపలికి వెళ్తూ ఆమె నా దగ్గర ఆగింది. "అన్నీ బాగా సూసారా అమ్మా?" అంది. అందులో ఎత్తిపొడుపు వెతికాను, ఉంటే కాస్త నయంగా ఉండేది. లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టే అడిగింది.

"చూశామమ్మా" అన్నాను.