బనీన్ల కార్ఖానల మా నాయిన

మా నాయిన మగ్గం నేసేటోడు. మేడ్చల్ల మా చర్చి ఎన్క ఉన్న వాడంతా ఆ పనే. ముతక పంచెలు, దుప్పట్లు నేసి అంగడిల అమ్మేది. యుద్ధమొచ్చినంక నూలు దొరుకుడు బందయింది. సర్కారు చీటీల మీద ఇచ్చే కంట్రోలు నూలు కోసం వాడోళ్లు సికింద్రాబాద్ దాక నడిచిపోయి ఉత్త చేతులతోని తిరిగొచ్చేటోళ్లు. ఒక్కొక్క ఇంట్ల మగ్గం ఆగిపోయింది. మా ఇంట్ల ఆగిన దినం నాయిన అన్నం ముట్టలే. అమ్మ అప్పటికే లేదు. ఇంట్ల నాయిన, ఆయన ఒక్కగానొక్క ఆడబిడ్డను నేను, ఇద్దరమే.

ఆ ఏడే రైలు స్టేషన్ పక్క రేకుల షెడ్డుల బనీన్ల కార్ఖాన వడ్డది. సికింద్రాబాద్ సేటు ఒకాయన వెట్టిండు. పల్టన్ సిపాయిలకు బనీన్లు గావాలెనట, ఆ పేరు మీద ఆయనకు నూలు దొరికేది. షెడ్డు ఎన్క ఆయిల్ ఇంజను, దాని తోలు పట్టా మీద తిరిగే గుండ్రటి మిషన్లు. నేసేటోళ్లకు దారం గుణం ఎరుకుంటదని కార్ఖాన మేస్త్రి మా వాడకొచ్చి పిలిచిండు. నాయినను మిషను మీదికి, నన్ను దాని పక్కనే కండెలు చుట్టుటానికి దీసుకున్నడు. అప్పటికి నాకు పద్దెనిమిదేండ్లు.

మొదటి దినం నాయిన మిషను చుట్టూ తిరిగి తిరిగి చూసిండు.

“పడుగేది?” అని అడిగిండు.

“పడుగు లేదు, పేక లేదు. ఇది నేసేది గాదు, అల్లేది. ఒక్కటే దారం,” అన్నడు మేస్త్రి.

“ఒక్క దారంతోని గుడ్డెట్లయితది?”

మేస్త్రి పట్టా తీసేసి, మిషన్ను చేతితోని మెల్లగ తిప్పి చూపిచ్చిండు. డోలంత ఇనుప గొట్టం. దాని చుట్టూ సన్నటి సూదులు దగ్గర దగ్గర నిలవడి ఉన్నయి. సూది కొసకు కొక్కెం, కొక్కేనికి చీమంత నాలుక. సూది పైకి లేచి దారాన్ని అందుకుంటది. కిందికి దిగంగ నాలుక మూసుకొని, కొత్త ఉచ్చును పాత ఉచ్చుల నుంచి గుంజుకొస్తది. దాని పక్క సూది కూడ అంతే, ఆ పక్కది కూడ అంతే. గుండ్రంగ అల్లుకుంట గుడ్డ గొట్టం లోపటి నుంచి కిందికి దిగుతది, కుట్టు లేకుంట, అడుగు లేని సంచి లెక్క.

ఇంటికొచ్చేటప్పుడు నాయిన రైలు పట్టాల పొంటి నడుసుకుంట, “గింత జల్దీ గుడ్డ దిగితే మనసొంటోళ్లం ఏం గావాలె బిడ్డా?” అన్నడు.

అయినా పని మంచిగనే పట్టుకున్నడు. దారం తడారితే తెగుతదని ఎండాకాలం కండెల మీద తడి గోనె కప్పేటోడు. పొద్దుగాల అందరికన్న ముందు పోయి, నూనె డబ్బా వట్టుకొని మిషను కీళ్లకు చుక్క చుక్క ఏసేటోడు. చేతికి మెత్తినదాన్ని నెత్తికి రాసుకొని, “కొబ్బరి నూనె పైసలు మిగిలినయి,” అని నవ్వేటోడు. అమ్మ పోయినంక నాయిన నవ్వంగ నేను చూసింది ఆ షెడ్డులనే.

కష్టమంత సూదులతోనే. దారంల ముడి వస్తె సూది ఇరుగుతది. ఇంజను మోతల అది ఇనవడదు. ఇరిగిన కాడ ఉచ్చు జారిపోయి, గుడ్డ పొడుగూత నిచ్చెన తీరు గీత వడుతది. ఎమ్మటే చూసి, మిషను ఆపి, కొత్త సూది ఎక్కియ్యాలె. లేకుంటే దిగిన గుడ్డంత ఖరాబ్.

రెండో ఏడు నాయిన కండ్లల్ల పొరలొచ్చినయి. నాకు చెప్పలే. దిగే గుడ్డ మీద మాటి మాటికి అరచెయ్యి పెట్టి తడుముతుంటే నేనే కనిపెట్టిన. గీత కనవడితే, “నాయినా, సూది,” అని మెల్లగ అనేదాన్ని. ఆయన అప్పుడే చూసినట్టు మిషను ఆపేటోడు.

ఒకనాడు నూలు బండి దించుటానికి మేస్త్రి నన్ను బయటికి పిలిచిండు. మళ్ల లోపటికి వచ్చేవరకు సేటు, మేస్త్రి ఇద్దరు మా నాయిన మిషను కాడ నిలవడి ఉన్నరు. చుట్టిన గుడ్డను కింద పరిచిండ్రు. ఈ కొస నుంచి ఆ కొస దాక గీతనే.

“కండ్లు మసకైతున్నయా?” మేస్త్రి కోపంగ అడగలే. అట్ల అడిగినా బాగుండు.

నాయిన తల దించుకున్నడు. “మగ్గమైతే కాళ్లు జూస్తయి, చేతులు జూస్తయి. దీనికి కండ్లే గావాలె మేస్త్రీ.”

సేటు మేస్త్రితోని, “ఎల్లగొట్టకు, ఉతికే పనిల పెట్టు. మరి మిషను ఎవరు నడుపుతరు?” అన్నడు. మేస్త్రి నా దిక్కు చూసిండు. నేను కాదనేటట్టున్నానని నాయినకు ఎరుకైందేమో, నూనె డబ్బా తెచ్చి నా చేతుల పెట్టిండు.

“నువ్వు నడుపు బిడ్డా. వేరేటోళ్ల చేతికి పోవుడు కన్న నయం గదా.”

అల్లిన గుడ్డకు నూనె, మురికి పట్టి ఉంటది. సోడల ఉడకవెట్టి, మస్తు నీళ్లల్ల జాడిస్తేనే తెల్లగైతది. ఆ ఏడు కార్ఖాన బాయి ఎండిపోయింది. గుడ్డలు బండ్ల మీద శామీర్‌పేట చెరువుకు పోవుడు మొదలైంది. నాయిన ఆ బండ్ల ఎన్క పోయి, మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలవడి జాడిచ్చి, బండల మీద ఆరేసేటోడు. గుడ్డ ఎండేదాక రెండు మూడు దినాలు అక్కడ్నే ఉండేటోడు. ఇంటికొచ్చినప్పుడు కాళ్లు కడుక్కోకముందే అడిగేటోడు, “ఇయ్యాల ఎన్ని సూదులిరిగినయి?” ఇరిగినా గాని నేను, “ఒక్కటి గుడ ఇరగలే,” అనేదాన్ని. “శెబ్బాష్,” అనేటోడు. ఆ మాట అన్నప్పుడు మొఖం గోడ దిక్కుండేది.

వానలు వడ్డంక చెరువు కాడ్నుంచి చలిజ్వరంతోని వచ్చిండు. చలిజ్వరానికిచ్చే కొయినా గోలీలు యుద్ధానికే పోతున్నయని దవాఖానల లేవన్నరు. మా చర్చి అయ్యగారు ఎక్కడెక్కడ్నో తిరిగి నాలుగు గోలీలు తెచ్చిచ్చిండు. అవి అయిపోయినంక మళ్ల దొరకలే. గొంగడి కప్పి, పైన నేను పండుకున్నా వణుకు ఆగకపోయేది. ఆఖరి దినం పొద్దుగాల జ్వరం కొంచెం తగ్గింది. “మిషను ఆగిందా బిడ్డా? పో, పో,” అన్నడు. “ఇయ్యాల ఐతారం నాయినా,” అన్న. చర్చిల గంట కొట్టంగనే పానం ఇడిచిండు.

మా కాడ పీనుగకు కొత్త తెల్ల గుడ్డ చుట్టి మట్టి చేస్తరు. వాడల ఏ ఇంట్ల చూసినా గుడ్డ లేదు. అందరు నేసేటోళ్లే, ఎవల మగ్గం మీద గజం బట్ట లేదు. కంట్రోలు దుకాణం బంద్. ఒక అవ్వ తన ముతక చీరె సగం చింపి తెచ్చింది, అది కాళ్ల దాక రాలే. అప్పుడు మేస్త్రి గుడ్డ చుట్ట ఒకటి భుజం మీద ఏసుకొని వచ్చిండు. ఇంకా ఉతకంది, పచ్చగ, నూనె వాసనతోని. శనారం నేను దించిన గుడ్డనే అది.

గుండ్రటి గుడ్డను ఒక దిక్కు నిలువుగ కోస్తెనే అది పరుసుటానికొస్తది. కత్తెర ఎవ్వలికీ ఇయ్యలే, నేనే కోసిన. నాయిన మీద కప్పినం. అల్లిన గుడ్డను కోస్తే అంచులు చుట్టుకపోతయి. అటు సదిరితే ఇటు ముడుసుకున్నది, ఇటు సదిరితే అటు. భుజం కనవడేది, పాదాలు బయటికొచ్చేటియి. చీరె ఇచ్చిన అవ్వ, “ఏం గుడ్డనే ఇది, మనిషి మీద నిలుస్తలేదు,” అని ఏడ్చింది. నేను సూది దారం తెచ్చుకొని నాయిన పక్కన కూసున్న. ఆ అంచును, ఈ అంచును గుంజి పట్టి, మెడ కాడ్నుంచి కాళ్ల దాక కుట్టిన. అయ్యగారు బైబిల్ పట్టుకొని నా కుట్టు అయ్యేదాక ఆగిండు.

తెల్లారి కార్ఖానకు పోయిన. “నాలుగు దినాలు ఇంట్లుండు బిడ్డా,” అన్నడు మేస్త్రి. ఇంట్ల ఎవలున్నరని ఉండాలె? ఇంజను స్టార్టయింది. సూదులు లేస్తున్నయి, దిగుతున్నయి. కండ్లల్ల నీళ్లకు నాకొక్కటి గుడ కనవడలే. ఆ దినం గుడ్డ ఎంత ఖరాబైందో నాకెరుక లేదు. మేస్త్రి వచ్చి చూసి, చుట్ట తీస్కపోయి సేటుకు కనవడకుంట పక్కన పెట్టిండు.