తుపాకీకి స్కోపు బిగించిన చలికాలం

సౌదీలోని బురైదాలో మేము పని చేసే ఇంటి పెద్దాయనను నేనూ నా భార్యా బాబా అనే పిలుస్తాం. ఆయన కారు నేను నడుపుతాను. వంటిల్లు నా భార్యది. మాది కడప జిల్లా. ఈ ఇంటికి రాకముందు ఎనిమిదేళ్లు జుబైల్‌లో ఫిట్టరుగా చేశాను. ఆ సంగతి బాబాకు ఎప్పుడో మాటల్లో చెప్పాను గానీ ఆయన గుర్తు పెట్టుకున్నాడని అనుకోలేదు.

చలికాలం మొదట్లో ఒక రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక నన్ను మజ్లిస్‌లోకి, అతిథులు కూర్చునే గదిలోకి పిలిచాడు. నేలమీద కంబళి పరిచి, దాని మీద తన తుపాకీ పెట్టాడు. సన్న తూటాల రైఫిల్, లైసెన్సు ఉన్నది. పక్కన, దూరపు గురిని దగ్గరగా చూపే కొత్త స్కోపు డబ్బా విప్పి ఉంది. స్కోపును పట్టే రింగులు రెండు విడిగా దొర్లుతున్నాయి. ఆయన బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"నువ్వు జుబైల్‌లో బోల్టులు బిగించినవాడివి కదా. ఇది చూడు," అన్నాడు అరబీలో. మా మాటలన్నీ అరబీలోనే. నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

ఒక స్క్రూ తల పూర్తిగా చితికిపోయింది. వంటింట్లో నుంచి కత్తి తెచ్చి తిప్పాడట. కత్తి జారి వేలు తెగింది.

"కొడుక్కి చెబితే దుకాణంలో ఇచ్చి బిగించుకోమన్నాడు. నలభై ఏళ్లు నా చేతిలో ఉన్న తుపాకీ ఇది. దుకాణంవాడికి ఎందుకివ్వాలి?"

ఏటా చలికి ఆయన స్నేహితుడు తాయిఫ్ నుంచి వస్తాడు. ఇద్దరూ ఖర్జూరం తోటలో డబ్బాలు వరసగా పెట్టి కాలుస్తారు. ఒకప్పుడు ఐదారుగురు ఉండేవారట, ఇప్పుడు ఆ ఇద్దరే మిగిలారు. పోయిన ఏడాది బాబాకు ఒక్క డబ్బా కూడా తగల్లేదు. "గొట్టం చివరి గురి పుల్ల సన్నగా ఉంది, కంటికి ఆనడం లేదు. స్కోపుంటే సరిపోతుంది," అన్నాడు. ముసలి కళ్లు కదా, నిజమే అనుకున్నాను.

మరునాడు ఇద్దరం బజారుకు వెళ్లాం. చితికిన స్క్రూ, దానికి జతగా ఉన్న మంచి స్క్రూ జేబులో వేసుకున్నాను. పనిముట్ల దుకాణం నడిపేది ఒక పాకిస్తానీ. పెద్ద పెట్టె తెచ్చి మా ముందు తెరిచాడు. లోపల అన్ని సైజుల స్క్రూడ్రైవరు బిట్లూ మెరుస్తున్నాయి. "పూరా సెట్ లేలో భాయ్," అన్నాడు. నేను వద్దన్నాను. స్క్రూ చేతిలో పట్టుకుని ఒక్కొక్క బిట్టూ దాని గాడిలో పెట్టి చూశాను. బిట్టు గాడి నిండా కూర్చోవాలి. కొంచెం వదులున్నా తిప్పగానే జారి స్క్రూను తినేస్తుంది. సరిపోయింది దొరకడానికి చాలాసేపు పట్టింది. దుకాణంవాడు విసుక్కున్నాడు. బాబా మాత్రం పక్కన స్టూలు మీద కూర్చుని, నేను పక్కన పెట్టిన ప్రతి వస్తువునూ అందుకుని వేళ్లతో తడిమి చూశాడు.

తుపాకీ గొట్టం తుడిచే కడ్డీ దగ్గర ఆయనే బేరం మొదలుపెట్టాడు. మూడు ముక్కలది చవగ్గా ఉంది. వద్దని చెప్పాను. ముక్కలు కలిసేచోట అంచు లేచి లోపలి గాళ్లను గీస్తుంది. ఒకే ముక్కగా ఉన్నది, పైన పూత ఉన్నది తీసుకున్నాం. చితికినదానికి బదులు కొత్త స్క్రూ, కంచు బ్రష్షు ఒకటి, చిన్న సీసాడు నూనె, సమం చూసుకోవడానికి అరచేతిలో ఇమిడే రసమట్టం ఒకటి. చివరికి, అనుకున్నంత బిగువు రాగానే టిక్కుమని చెప్పే స్క్రూడ్రైవరు.

"ఇది అవసరమా?" అన్నాడు.

"అవసరమే బాబా. చేతిని నమ్మితే ఎక్కువ బిగిస్తాం. స్కోపు గొట్టం పలచనిది, నొక్కుకుపోతుంది."

ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పించాడు. టిక్కుమన్నప్పుడు చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

మూడు సాయంత్రాలు పని చేశాం. తూటా లేదని నేనొకసారి, ఆయనొకసారి చూసి, తూటా గదిని మూసే బోల్టు పీకి నా జేబులో వేసుకున్నాకే మొదలుపెట్టేవాళ్లం. మొదటి రోజంతా శుభ్రం చేయడమే. కడ్డీని వెనక నుంచి పెట్టి ముందుకు తోయాలి. గొట్టం మూతి అంచు గీసుకుపోతే గురి చెడుతుంది. తుడిచే గుడ్డకు బాబా తన పాత తలగుడ్డ, గుత్రా, చింపి ఇచ్చాడు. చూడకుండానే ఒకే కొలతకు చింపాడు. అది ఆయన పనితనం అనుకున్నాను. నూనె బొట్టు మాత్రమే వేశాను, ఎక్కువైతే ఇక్కడి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

రెండో రోజు రింగులు. స్క్రూలకు జిడ్డు లేకుండా తుడిచి, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాను. జుబైల్‌లో మనిషంత పైపులకు కూడా అదే పద్ధతి. ఆ కబుర్లన్నీ చెప్పాను. ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ పనుల్లో మాడిపోయే ఎండ, ముఖం మీద మాస్కు. ఆయన తన తండ్రి గురించి, మొదటి ట్రక్కు గురించి చెప్పాడు. కఫీల్‌తో, వీసా ఇచ్చిన యజమానితో, అట్లా కూర్చుని మాట్లాడతానని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆ రోజు అరబ్బీ కాఫీ గహ్వా తాగిన గిన్నెలు తీసుకెళ్లడానికి వచ్చిన నా భార్య, తర్వాత వంటింట్లో నన్ను నిలేసింది.

"ఏమయ్యా, ఆయప్పకు కండ్లు కనపడల్యా. నీకు తెల్దా?"

"ముసిలాయన కదమేయ్. అందుకే గదా స్కోపు పెట్టేది."

"అట్ల కాదు. గిన్నె ఎదురుగా పెడితే దాని పక్కన తడుముతాండాడు. నా ముకం దిక్కు చూసి మాట్లాడల్యా, చెవి దిక్కు చూస్తాడు. ఇంగ తుపాకీ ఏం పని సామీ ఆయనకు? వాళ్ల కొడుక్కి చెప్పు."

"మనకెందుకు," అన్నాను.

మూడో రోజు కిటికీకి దారంతో బరువు కట్టి వేలాడదీశాను. తుపాకీ మీద రసమట్టం పెట్టి సమం చేసి, స్కోపులో కనిపించే నిలువుగీతను ఆ దారానికి సరిచూసుకుని చివరి స్క్రూలు బిగించాను. టిక్కు వినిపించిన ప్రతిసారీ బాబా తల ఊపాడు. పని అయ్యాక దుమ్ము పడకుండా స్కోపు రెండు చివర్లకూ రబ్బరు మూతలు పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచాను.

తిరిగి వచ్చేసరికి ఆయన తుపాకీ భుజానికి ఆనించుకుని, కిటికీ బయట ఖర్జూరం చెట్టు వైపు చూస్తున్నాడు.

"కనిపిస్తోందా బాబా?"

"స్పష్టంగా. గీత మాను మధ్యలో నిలువుగా నిలబడింది. నీ చేయి మంచిది."

నాకు సంతోషం వేసింది. పక్కకు వచ్చి నిలబడ్డాక చూశాను. కంటివైపు మూత ఒక్కటే తీశాడు. ముందు మూత అట్లాగే ఉంది.

ఆయన చేతుల్లోంచి తుపాకీ అందుకుని, ముందు మూత మెల్లగా లాగాను. రబ్బరు గాజును వదిలేటప్పుడు చిన్న చప్పుడయింది. బాబా తల అటు తిరిగింది.

"అది మూసి ఉందా?"

"లేదు బాబా. ఇప్పుడే మూశాను," అన్నాను.

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. తర్వాత గహ్వా తెమ్మన్నాడు.

తాయిఫ్ స్నేహితుడు వచ్చాడు. తోటలో దుప్పటి పరిచాను. బాబా భుజం నొప్పి అని చెప్పి తుపాకీ స్నేహితుడికే ఇచ్చాడు. డబ్బా ఎగిరిన ప్రతిసారీ "మధ్యలోనా?" అని అడిగాడు. మధ్యలోనే అంటే నా వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు. నా చెవి వైపు చూస్తూ అన్నాడు. నేను చెట్ల వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాను.

ఇంకో నెల ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు మెట్టు తెలియక పడ్డాడు. నుదురు చిట్లింది. నా భార్య రక్తం తుడుస్తూ నా వైపు చూసిన చూపుకు ఆగలేక రియాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మూత సంగతి కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

కొడుకు మర్నాడే వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు చూపులో నడిమి భాగం పాడైపోయిందని, పక్కల నుంచే కొంచెం కనిపిస్తుందని, ముందే వచ్చుంటే మరికొంత మిగిలేదని అన్నాడు. ఇప్పుడు కంటిలోకి సూది మందు వేస్తే ఉన్నది కొన్నాళ్లు నిలవవచ్చట. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని కొడుకు నన్నడిగాడు. వారం అన్నాను. మూత దగ్గర ఆడినదాని తర్వాత అది రెండో అబద్ధం.

తుపాకీని కొడుకు పట్టుకుపోయాడు. లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకుంటానన్నాడు. దాన్ని కారులో పెడుతున్నప్పుడు బాబా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కారు వెళ్లిపోయాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"మూత తీసిన ఆ రోజే నీకు తెలిసింది. నీకు తెలిసిందని నాకూ తెలిసింది. మన ఇద్దరి మధ్యే ఉంటుంది, చాలనుకున్నాను. వాడికి ఎందుకు చెప్పావు?"

"మీరు పడ్డారు బాబా."

"పడితే లేస్తాను," అని లోపలికి వెళ్లిపోయాడు.

నా భార్య మాత్రం మంచి పనే చేసినావు అంటుంది. "ఇంగా ముందే చెప్పింటే ఇంగ కొంచెం చూపు నిలిచేది గదా," అని కూడా అంటుంది. రెండూ నిజమే. నెలకోసారి ఆయన్ని సూది మందుకు తీసుకెళ్తున్నాను. చేయి పట్టుకోనిస్తాడు. మెట్లున్నాయని చెబితే వింటాడు. కానీ మజ్లిస్‌లోకి మళ్లీ పిలవలేదు. అంతకుముందు నన్ను పేరుతో పిలిచేవాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరితోనైనా "డ్రైవరుకు చెప్పండి" అంటాడు. వెనక సీట్లో కూర్చుని, ఆసుపత్రి వచ్చేదాకా ఏమీ మాట్లాడడు.