కళ్లు తిరిగే మనిషి కోసం

డాక్టరు చదివినవాడు రక్తం సంగతి నేర్చుకుంటానంటే, పాపం పీజీ సీటు రాలేదేమోనని జనం జాలిపడే రోజులవి. తొంభైల చివరి మాట. ఎంబీబీఎస్ మొత్తంలో బ్లడ్ బ్యాంకు గురించి మాకు పెట్టింది రెండే క్లాసులు, అందులో ఒకటి స్ట్రైకులో పోయింది. అలాంటిది విజయవాడలో ఒక బ్లడ్ బ్యాంకువాళ్లు నెల రోజులు ట్రైనింగ్ ఇస్తారని తెలిసి ఎగిరి గంతేసి చేరాను. ట్రైనింగ్ అయిన మర్నాడే ఒక ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ లేకపోతే లోపలికి కూడా రానివ్వరు. అప్పుడిక ఇబ్రహీంపట్నంలో మావయ్య చూసిపెట్టిన క్లినిక్కులో దగ్గుమందులు రాసుకుంటూ కూర్చోవాలి.

ఇన్‌ఛార్జి మేడమ్ గారు మొదటిరోజే నా చేతిలో ఒక లాగ్‌బుక్ పెట్టారు. నేర్చుకున్న ఒక్కో పనికీ ఒక్కో గడి, గడికో సంతకం, అన్నీ నిండితేనే సర్టిఫికెట్. నెలాఖరుకి అన్నీ నిండాయి, ఒక్కటి తప్ప: రక్తమిచ్చాక దాతకు కళ్లు తిరిగితే చేయాల్సిన చికిత్స. చికిత్స నాకు కంఠతా వచ్చు, పడిపోయేవాడే దొరకలేదు. డెల్టా జనం అంత గట్టివాళ్లని నాకేం తెలుసు? చల్లపల్లి క్యాంపులో ఒక్కొక్కరూ రక్తమిచ్చేసి, కండువా దులిపి భుజాన వేసుకుని, పొలంలో పనుందంటూ వెళ్లిపోయారు. నేను వెంటపడి "కళ్లు తిరుగుతున్నాయాండీ? కొంచెం కూడా లేదా?" అని అడిగితే, ఒక పెద్దాయన ఆగి "నీకేమన్నా తిరుగుతున్నాయా బాబూ, ఆ మొహమేంటి?" అన్నాడు. మేడమ్ గారిని బతిమాలితే "చూడని కేసుకి సంతకం పెట్టనండీ" అన్నారు. ఎవరూ పడకపోతే అది నా తప్పా? సీనియర్ టెక్నీషియన్, అందరూ భాయ్ అని పిలిచే పెద్దమనిషి, "అల్లా దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, దానికి ఏడుస్తారేంటి సార్?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరిరోజు ఒకావిడకి ఆపరేషన్ కోసం రక్తం కావాల్సొచ్చింది. సీసా తీసుకెళ్లాలంటే బంధువుల్లో ఒకరు రక్తమివ్వాలి, అప్పటి పద్ధతి అది. వ్యానులో పదకొండు మంది దిగారు. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఒకరికి అమావాస్య అడ్డం. ముందుకొచ్చింది అల్లుడొక్కడే. కూచిపూడి వైపు కుర్రాడు, సన్నగా, సుకుమారంగా ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో మావగారు అడ్డుపడ్డాడు. "ఇంటల్లుడి రక్తం తీసుకున్నామంటే మా వియ్యంకుడు ఊరుకుంటాడాండీ?" అరగంట నచ్చజెప్పాను (అంత ఓపిక ఆ రోగి కోసమని వాళ్లనుకున్నారు, నేనూ కాదనలేదు). తీరా అల్లుడు గారు రక్తమిచ్చి, లేచి కూర్చుని, బిస్కెట్లన్నీ తినేసి "ఇంకో టీ ఉంటే ఇప్పిస్తారా?" అన్నాడు. నేను నీరుగారిపోయాను. పైగా నన్నే అడిగాడు, "మీరిప్పటికి ఎన్నిసార్లు ఇచ్చారండీ?" అని. పదకొండు మందీ నావైపు చూశారు. (ఒక్కసారీ లేదు. నెలంతా ఊరందరికీ ఉపన్యాసాలు మాత్రం ఇచ్చాను.)

సిగ్గుతో మంచమెక్కాను. ఇవ్వడం బాగానే ఇచ్చాను. లేచి రెండడుగులు వేశాక గోడలు కదిలాయి. కళ్లు తెరిచేసరికి నేలమీదున్నాను, భాయ్ నా పేరు పెట్టి పిలుస్తున్నాడు, తలుపు దగ్గర మేడమ్ గారు. ఆ స్థితిలోనూ నాకు గుర్తొచ్చింది ఆ గడే. "కాళ్లు పైకెత్తండి... కాలరు వదులు చెయ్యండి... నుదుటిమీద తడిగుడ్డ... నాడి చూడండి" అని వరసగా ఒప్పజెప్పాను. కాళ్లు అప్పటికే ఎవరో ఎత్తి పట్టుకున్నారు. చూస్తే అల్లుడు గారు. మావగారు గాభరాపడిపోతున్నాడు. "కాళ్లు కడిగి పిల్లనిచ్చామండీ మీకు. మీరు పోయిపోయి ఇంకొకళ్ల కాళ్లు పట్టుకోవడమేంటి అల్లుడు గారూ, వదలండి."

"ఉండండి మావయ్య గారూ, డాక్టరు గారు ఇంకా తేరుకోలేదు" అన్నాడతను.

మేడమ్ గారు నవ్వకుండా సంతకం పెట్టారు, కేసు పేరు దగ్గర నా పేరే రాసి. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలు ఆ గడి నిండటం లేదని విసుక్కుంటే నాకు చిరాకేస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. ఎవరో ఒకడు పడిపోవాలని నెల్లాళ్లు కోరుకున్నాను, ఆ పూట ఆ కుర్రాడే పడాలని మరీ కోరుకున్నాను. నేను లేచి కూర్చునేదాకా అతను నా కాళ్లు దించలేదు.