ట్రైలరు వెనక నిలబడే ఉద్యోగం

పెళ్ళినాడు పాస్టరు ఆర్లిస్ చేత చాలా ప్రమాణాలు చేయించాడు. కష్టంలో తోడుంటానని, జబ్బులో చూసుకుంటానని, ఇంకా ఏవేవో. ట్రైలరు వెనక నిలబడి చేతులూపే ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆవిడ ఇంకో వారం గడువడిగేది.

ఆ ఉద్యోగం ఇలా ఉంటుంది. మొగుడు ఓర్లిన్ ట్రక్కులో కూర్చుంటాడు. ట్రక్కు వెనక ఒక ఇల్లు తగిలించి ఉంటుంది. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి, కిటికీలకి పువ్వుల తెరలు, కింద చక్రాలు. ఆ ఇంటిని సరస్సు ఒడ్డున పైన్ చెట్ల మధ్య సందులోకి వెనక్కి నడిపించి నిలబెట్టాలి. ఆర్లిస్ వెనక నిలబడి "రా, రా, ఎడమకి, ఆగు!" అని అరవాలి. ఓర్లిన్ అందులో ఒక్క ముక్క కూడా వినకూడదు. ఇల్లు పోయి దేన్నో గుద్దాలి. అప్పుడాయన దిగొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "చెప్పొద్దూ మరి?" అనాలి. ప్రతి వేసవిలోనూ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎవరి పని వాళ్ళు ఏ లోటూ రానీకుండా చేసుకొచ్చారు.

నిజానికి ఆర్లిస్‌కి వెనక్కి నడపడం రాక కాదు. పుట్టింట్లో అందరూ ఆడపిల్లలే. గడ్డి కోతలప్పుడు ట్రాక్టరు వెనక గడ్డిబండి తగిలించి కొట్టంలోకి వెనక్కి పెట్టే పని, లంగా వోణీ వయసు నుంచీ ఆవిడదే. పెళ్ళయిన మొదటి వేసవిలో ఆ మాటే అంది. ఓర్లిన్ పళ్ళికిలించి, "గడ్డిబండికీ తెరలు కట్టిన ఇంటికీ తేడా ఉంది బంగారం," అన్నాడు. అవును, ఉంది. గడ్డిబండి ఎప్పుడూ దేన్నీ గుద్దలేదు.

ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం అణకువ మాత్రం కాదు. ఏడాదికోసారి మొగుడు పదిమందిలో తెల్లమొహం వెయ్యడం చూడ్డానికి ఆవిడకీ కాస్త బాగానే ఉండేది.

ఆర్లిస్ బతుకంతా బడి వంటగదిలో గడిచింది. ఊరి పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం వండేది. ఆ వంటగది కట్టిన మహానుభావుడు పొయ్యిలు పెట్టాడు, తొట్లు పెట్టాడు, కిటికీ పెట్టడం మర్చిపోయాడు. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో పిల్లల బూట్లు చూసి తెలుసుకోవాలి. అందుకని ఏటా వేసవిలో పెట్టే ఈ బస అంటే ఆవిడకి ప్రాణం. పద్నాలుగో నంబరు జాగా. తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కుర్చీలో కూర్చుంటే, నీటికోళ్ళు మునిగి ఎక్కడో తేలతాయి. ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేదు. ఏడాదంతా లేని కిటికీ ఆ వారంలో దొరుకుతుంది.

ఆ కిటికీకే కిందటేడు ఎసరొచ్చింది. ఓర్లిన్ ఇంటిని వెనక్కి పెడుతూ నీళ్ళ కొళాయి గుంజని పెకలించేశాడు. నీళ్ళు చెట్ల పైదాకా లేచాయి. బసలో ఉన్న అందరికీ సాయంత్రం దాకా చుక్క నీళ్ళు లేవు. ఆ స్థలం యజమానురాలు మార్సీ కూబియాక్. వీళ్ళిద్దర్నీ చిన్నప్పట్నుంచి ఎరుగును, మామూలుగా పేరు పెట్టే పిలుస్తుంది. ఆ రోజు మాత్రం ఓర్లిన్ ఇంటిపేరు పట్టుకుని "టోలెఫ్సన్ గారూ" అంది. ఆవిడ నోట 'గారూ' వచ్చిందంటే పక్కనున్నవాళ్ళు కూడా రెండడుగులు వెనక్కేస్తారు.

"టోలెఫ్సన్ గారూ, ఇంకొక్కసారి నా గుంజ పడిందంటే ఈ జాగా వేరేవాళ్ళకిస్తా. మీకు మురుగు గొయ్యి పక్కన ఖాళీ ఉంది. అక్కడ గుద్దడానికి ఏమీ లేదు, హాయిగా గుద్దుకోండి."

అన్నమాట తప్పే మనిషి కాదు మార్సీ. ఇనుప గుంజ తెప్పించి, సిమెంటు పోయించి, ఎర్రరంగు కొట్టించింది. గుడ్డివాడికి కూడా కనబడేంత ఎరుపు. ఓర్లిన్‌ని తల్చుకునే కొట్టించి ఉంటుంది.

ఇంతలో చలికాలం వచ్చింది. కప్పు మీద మంచు తొయ్యడానికి మనిషిని పెట్టుకోమని ఆర్లిస్ చెప్పింది గనక ఓర్లిన్ తనే ఎక్కాడు. మంచుతో పాటు తనూ కిందికొచ్చాడు. ఎముకలు విరగలేదు గానీ మెడ బిగుసుకుపోయింది. కుడికి చూడాలంటే మనిషంతా కుడికి తిరగాలి. బీరువాకి కాళ్ళొచ్చినట్టుండేవాడు.

వేసవి రాగానే ఆర్లిస్ నెమ్మదిగా అంది. "ఈసారి నేను పెడతా ఇల్లు."

"నాకేమయిందని?"

"మెడ తిరగదుగా."

"మెడతో నడుపుతానా? అద్దాలున్నాయి."

అద్దాలు కిందటేడూ ఉన్నాయి. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆపుకుందో ఆవిడకే తెలియదు. దారి పొడుగునా ఆ ఆపుకున్న మాటే నములుతూ కూర్చుంది.

వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నం ఎండ మంచి ఊపు మీదుంది. బసలోకి ట్రైలరు వస్తున్న చప్పుడైతే చాలు, మగాళ్ళంతా మడత కుర్చీలు ఇటు తిప్పుకుంటారు. అక్కడివాళ్ళకి అంతకంటే పెద్ద వినోదం లేదు, ఇందులో టిక్కెట్టు కూడా లేదు. డ్వేన్ బీరు డబ్బా పట్టుకుని లేచొచ్చాడు. అతని వెనకే గోర్డీ సాసేజీ కాల్చే పటకారు పట్టుకునే వచ్చాడు. ఇద్దరూ ఓర్లిన్ స్నేహితులే. ఓర్లిన్‌కి సాయం చెయ్యని ఏడు లేదు. కిందటేడు గుంజ పడినప్పుడు కూడా ఆ ఇద్దరి సాయం పూర్తిగా ఉంది.

"ఎడమకి తిప్పు ఓర్లిన్, ఎడమకి!" అన్నాడు డ్వేన్.

"ఎడమేంటయ్యా నీ మొహం, కుడికి! బాగా కుడికి!" గోర్డీ పటకారుతో గాల్లో సున్నా చుట్టాడు.

ఆర్లిస్ తన చోట తను నిలబడింది. దోమలు, పొగ, ఎండ, అన్నీ మామూలే. "ఆగు! ముందుకెళ్ళి తిన్నగా చేసుకుని రా!" అని అరిచింది. ఓర్లిన్ డ్వేన్ చెప్పింది సగం, గోర్డీ చెప్పింది సగం విన్నాడు. పెళ్ళాం చెప్పింది పూర్తిగా వదిలేశాడు. ట్రక్కు ఒకవైపుకి, ఇల్లు ఒకవైపుకి మడతపడి, చేత్తో విరిచిన రొట్టెలా నిలబడ్డాయి. ట్రక్కు మూల ఇంటి గోడకి బెత్తెడు దూరంలో ఉంది.

"పర్వాలేదు, అంత చెడ్డగా ఏం లేదు," అన్నాడు డ్వేన్. వాళ్ళలో ఆ మాట ఇల్లు తగలబడుతున్నప్పుడు అంటారు.

అప్పుడే మార్సీ వచ్చింది. వెళ్ళి ఎర్రగుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

ఆర్లిస్ ఒకసారి మార్సీని చూసింది, ఒకసారి నీళ్ళని చూసింది. మురుగు గొయ్యి పక్కన కాఫీ తాగుతున్న తనని కూడా చూసుకుంది. నడిచి ట్రక్కు కిటికీ దగ్గరికెళ్ళింది.

"దిగు."

ఓర్లిన్ మెడ తిప్పలేక అద్దంలోంచే అడిగాడు. "ఏంటీ?"

"దిగమన్నా."

"అందరూ చూస్తున్నారే."

"కిందటేడూ చూశారు. దిగు."

ఓర్లిన్ కదలకుండా కూర్చున్నాడు. చెమట పట్టి ఉంది. మెడ నరం పట్టేసిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. "నీవల్ల గుంజ పడితే?" అన్నాడు, చిన్నగా.

"పడితే ఇద్దరం పోయి గొయ్యి పక్కన కూర్చుందాం. కనీసం నిన్ను తిట్టే పని తప్పుతుంది నాకు."

ఆయన దిగాడు. తలుపు, మెట్టు, నేల. బీరువాని మెట్లు దింపినట్టే దిగాడు. డ్వేన్ బీరు తాగడం ఆపాడు. గోర్డీ సాసేజీలు మాడుతున్న వాసన వచ్చింది, అతనికి తప్ప అందరికీ.

"వెనక్కెళ్ళి నిలబడు," అంది ఆర్లిస్. "అద్దంలో నాకు కనబడేలా ఉండు. వీళ్ళిద్దర్నీ నోళ్ళు మూసుకోమను."

సీటు ముందుకి లాక్కుంది. స్టీరింగు చక్రం కింది అంచు పట్టుకుంది. ఇల్లు ఎటు పోవాలో చెయ్యి అటు జరిపితే చాలు, నాన్న అలాగే నేర్పాడు. ముందుకెళ్ళి మడత విప్పింది. తిన్నగా అయ్యాక వెనక్కి వదిలింది. ఇల్లు బుద్ధిమంతుడిలా చెట్ల మధ్యలోకి దూరింది. డ్వేన్ ఏదో అనబోయి మార్సీ మొహం చూసి మానేశాడు.

అద్దంలో ఓర్లిన్ కనిపిస్తున్నాడు. రెండు చేతులూ ఎత్తి పొలంలో పిట్టల్ని తోలుతున్నట్టు ఊపుతున్నాడు. రమ్మంటున్నాడో, పొమ్మంటున్నాడో, దేవుణ్ణి పిలుస్తున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ తను ఊపిందీ ఇలాగే కనిపించిందా అని ఆర్లిస్‌కి మొగుడి మీద జాలేసింది. రెప్పపాటు సేపే.

"ఆగు! ఆర్లిస్, ఆగు!" అరిచాడాయన.

ఇంకా చోటుందని ఆవిడ లెక్క. గడ్డిబండి అయితే ఉండేదే. ఇంటి వెనక బయటికి పొడుచుకొచ్చే ఇనప కమ్మీ ఆవిడ లెక్కలో లేదు. వెనక్కే పోనిచ్చింది.

అద్దంలో ఓర్లిన్ మాయమయ్యాడు.

అప్పుడు తొక్కింది బ్రేకు. ఇల్లు ఒక్క ఊపు ఊగి నిలబడింది. లోపల గిన్నెలన్నీ ఒకేసారి మాట్లాడాయి. ఆర్లిస్ దిగి పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పి ఆ పూటకి సెలవు పెట్టినట్టుంది.

ఓర్లిన్ గుంజకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. వెనక గుంజ, ముందు ఇల్లు. మధ్యలో ఆయన బొజ్జ. ఇనప కమ్మీ వచ్చి ఆ బొజ్జని మెత్తగా ముట్టుకుని ఆగింది. ఆవిడ ఇన్నేళ్ళు వండి పెట్టినదంతా ఎక్కడికీ పోలేదు, వేళకి అక్కరకొచ్చింది.

"ఆగమంటే ఆగవేం? ఇంకొక్క బెత్తెడైతే నేను గుంజలో కలిసిపోయేవాణ్ణి!"

"గట్టిగా చెప్పొద్దూ మరి?" అంది ఆర్లిస్. అనేశాక మళ్ళీ బండెక్కింది. దాన్ని జానెడు ముందుకి జరిపి, మొగుణ్ణి బయటికి తీసింది. "బుద్ధుందా నీకు? గుంజకి అడ్డం నిలబడతావా? మనిషివా, మొద్దువా?"

"గుంజ పడితే ఈ జాగా పోతుందిగా," అన్నాడు ఓర్లిన్, చొక్కా గుండీలు చూసుకుంటూ. "నీకు నీళ్ళ ఎదురుగా కూర్చోవడం ఇష్టం కదా."

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయనకి తెలుసని ఆర్లిస్‌కి తెలియదు. తెలిసీ ఏటా దేన్నో ఒకదాన్ని గుద్దుతూ వచ్చాడన్నమాట. సంతోషించాలో మళ్ళీ బండెక్కి వెనక్కి పోనివ్వాలో ఆవిడ తేల్చుకోలేకపోయింది.

మార్సీ వంగి గుంజ చుట్టూ చూసింది. ఊపి చూసింది. "తగిలిందా?"

"నాకు తగిలింది," అన్నాడు ఓర్లిన్.

"నిన్నెవరడిగారు? గుంజకి తగిలిందా?"

"లేదు."

"అయితే జాగా మీదే." మార్సీ లేచి ఆర్లిస్ వైపు తిరిగింది. "ఇంత బాగా నడుపుతావు, ఇన్నాళ్ళూ నువ్వెందుకు పెట్టలేదమ్మా?"

"ఆవిడ అడగలేదు," అన్నాడు ఓర్లిన్.

"ఈయన దిగలేదు," అంది ఆర్లిస్.

రెండూ పూర్తి అబద్ధాలు కావు. మార్సీ ఆ ఇద్దర్నీ చూసి, తల విదిలించి, తన దారిన తను పోయింది. డ్వేన్ కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఏమీ విరగకపోతే ఆటలో పస ఏముంది?

తర్వాతి పనులన్నీ మామూలే. చక్రాలకి అడ్డంగా చెక్క దిమ్మలు పెట్టడం, గొలుసులు విప్పడం, ఇంటిని ట్రక్కు నుంచి విడదీయడం. ముందున్న ఇనప కాలిని పిడి తిప్పి పైకో కిందికో చేస్తే ఇల్లు సమంగా నిలబడుతుంది. పిడి దగ్గర ఓర్లిన్ కూర్చున్నాడు. లోపల గట్టు మీద మట్టం చూపే గాజుగొట్టంలో బుడగ నడిమికొచ్చిందా అని చూసే పని ఆర్లిస్‌ది.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగు!"

ఆగాడు. చెప్పిన చోట, చెప్పగానే, మనిషి ఆగిపోయాడు. ఆర్లిస్ తలుపులోంచి బయటికి తొంగిచూసింది, ఒంట్లో బాగుందో లేదో అని. బాగానే ఉన్నాడు. ఆవిడ తల లోపలికి పెట్టుకోగానే ఇంకో అర చుట్టు తిప్పాడు. తన లెక్క తనకుండాలిగా. ఆ వారమంతా ఆ ఇంట్లో గుడ్లు పెనం మీద ఒకవైపుకే జారాయి.

ఎండ తగ్గాక ఇద్దరూ నీళ్ళకెదురుగా కుర్చీలేసుకున్నారు. బంగాళాదుంపల ముద్దా, గోర్డీ పంపిన మాడు సాసేజీలూ తిన్నారు. నీటికోడి ఒకటి మునిగింది. అది తేలేదాకా ఓర్లిన్ సాసేజీ మీది మాడు గీకుతూ కూర్చున్నాడు.

"తిరిగెళ్ళేటప్పుడు హైవే మీద నేను నడుపుతాలే," అన్నాడు చివరికి.

"నడుపు. హైవే మీద తిన్నగా పోవడమేగా," అంది ఆర్లిస్. ఆయన చెంప మీద దోమ వాలితే చాచి కొట్టింది. దోమకి కావలసినదానికంటే కాస్త గట్టిగానే కొట్టింది. కొట్టాక ఆ చెయ్యి వెంటనే తియ్యలేదు.