నూరు వోల్టుల కంప్యూటరు

చంద్రకాంతమ్మ బాగా పొట్టి. యాభై ఏళ్ళు దాటినా, ఆమె చేయి కాల్చుకున్న ఏ వంటింట్లోనూ పొయ్యి గట్టు ఆమె ఎత్తుకు కట్టింది కాదు. పుట్టింది ఐరాల దగ్గర. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్లో పనిచేసే వరదయ్యను పెళ్ళి చేసుకుని వచ్చాక బడిపిల్లలకు వండింది, హాస్టలుకు వండింది, పెళ్ళిళ్ళకు వండింది. ఎక్కడికి పోయినా ముందు ఒక పీట వెతుక్కుని, దాని మీద నిలబడి గరిటె పట్టేది.

సూళ్లూరుపేట పక్కన పారిశ్రామికవాడలో జపాను వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి వచ్చినప్పుడు, వాళ్ళ ఇంజనీర్లు ఉండే గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి కావాలన్నారు. చంద్రకాంతమ్మ వెళ్ళింది. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి తిరుపతిలో మంగళం దగ్గరున్న ఇంటికి వచ్చేది. చేపల పులుసు కాని చేపల పులుసు, ఉప్పు తప్ప ఏమీ లేని అన్నం ముద్దలు, అన్నీ నేర్చుకుంది. వింటూ వింటూ వంటింటికి సరిపడేంత జపాను మాట కూడా పట్టుబడింది. ఉప్పు, నీళ్ళు, వేడి, చాలు, ఇంకొంచెం, ఒకటి నుంచి నూరు దాకా అంకెలు. వాళ్ళ భాషలో నూరును హ్యాకు అంటారు. మాంసం నూరేసి గ్రాములు తూచేటప్పుడు రోజూ పలికే మాట అది.

ఆ ఇంజనీర్లలో మొరితా అని ఒక పెద్దాయన ఉండేవాడు. మాట తక్కువ. ఆమె నూరే చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి అంటే మాత్రం ప్రాణం, ఉత్త అన్నంలో కూడా కలుపుకుని తినేవాడు. తన ఊరినుంచి ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు తెచ్చుకున్నాడు. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు తానే ఒక్కో ముక్కా కొని బిగించుకున్న పాత పెట్టె అది. దాని కింద, బల్ల కాళ్ళ మధ్య, ఇటుకంత నల్లటి ఇనుప డబ్బా ఒకటి ఎప్పుడూ సన్నగా రొద పెడుతూ ఉండేది. చంద్రకాంతమ్మ రోజూ ఆ గది ఊడ్చేటప్పుడు దాన్ని పక్కకు జరిపేది, మళ్ళీ యథాస్థానంలో పెట్టేది. ఆయన కాళ్ళు ఆన్చుకోవడానికి పెట్టుకున్నాడనుకునేది.

ఒకరోజు మొరితా నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి, ఆమె పీట మీద నిలబడి ఉండటం చూశాడు. టేపు తెచ్చి నేల నుంచి ఆమె మోచేతి దాకా కొలిచాడు. ఆ సాయంత్రం ఆమెను పిలిచి కంప్యూటరులో ఒక వంటిల్లు చూపించాడు. గట్టు ఆమె ఎత్తుకు సరిగ్గా ఉంది. చంద్రకాంతమ్మ తెర మీద ఆ గట్టును వేలితో తడిమింది. ఆ తర్వాత ఆయనే మౌసు ఎలా పట్టాలో నేర్పాడు. అంట్లు కడగడం అయ్యాక ఆమె వచ్చి కూర్చునేది. తిరుపతిలో ఇంటి ముందు వసారాను మెస్సుగా మార్చాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ. పొయ్యి ఎక్కడ, కిటికీ ఎక్కడ, నీళ్ళు పోయే తూము ఎక్కడ, గిన్నెలు బోర్లించే అరుగు ఎక్కడ, అన్నీ గీసుకుంది, చెరిపింది, మళ్ళీ గీసింది.

అదే రోజుల్లో వరదయ్య పోయాడు. ఒక వాన సాయంత్రం, పెరటి వసారాలో, ఉన్నట్టుండి. గుండె అన్నాడు డాక్టరు. షుగరు, బీపీ ఎప్పటినుంచో ఉన్నవే కాబట్టి ఎవరూ ఇంకో మాట అడగలేదు. కర్మలు చేసి చంద్రకాంతమ్మ మళ్ళీ పనికి వచ్చింది. ఇంట్లో మిగిలింది కూతురు భానుశ్రీ. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియను.

మొరితా ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోయే ముందురోజు, ఆ కంప్యూటరు ఆమెకే ఇస్తానని సైగలతో చెప్పాడు. వాళ్ళ మాటలు తెలుగులో చెప్పే దుబాసి ఆ రోజు సెలవు. ఆయన వేలు పెట్టి గోడలో ఉన్న ప్లగ్గును చూపించాడు, కింద నల్ల డబ్బాను చూపించాడు, కంప్యూటరును చూపించాడు. "హ్యాకు బొరుతో. హ్యాకు బొరుతో" అన్నాడు. ఆమెకు హ్యాకు తెలుసు. రెండో ముక్క తెలియదు. వెళ్ళిపోయే మనిషి, ఆమెకంటే పెద్దవాడు, ముఖం అంత గంభీరంగా పెట్టి నూరు నూరు అంటుంటే ఇంకేమవుతుంది? నూరేళ్ళు బతకమని దీవిస్తున్నాడనుకుంది. రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టింది. ఆయనా వంగాడు. తన మాట ఆమెకు అర్థమైందని ఆయన అనుకున్నాడు. నల్ల డబ్బా మీద కంపెనీ ముద్ర ఉంది కాబట్టి అది తనది కాదని చెప్పాడని ఆమె అనుకుంది. దాన్ని అక్కడే వదిలేసి, మిగతావన్నీ దుప్పట్లో చుట్టి బస్సెక్కించింది. మెస్సు మొదలుపెడదామని తనూ గెస్ట్‌హౌస్ పని మానుకుంది.

ఆదివారం పొద్దున తలకు పోసుకుని, కంప్యూటరును హాల్లో బల్ల మీద పెట్టి, తడిగుడ్డతో తుడిచి, కుంకుమ బొట్టు పెట్టింది. దాని ప్లగ్గు బద్దల్లాంటి పళ్ళది. మన గోడ బోర్డులో దూరలేదు. భానుశ్రీ గాంధీరోడ్డులో ఒక అంగడికి పోయి, దేశం కాని దేశం ప్లగ్గులన్నీ పట్టే పిన్ను కొనుక్కొచ్చింది.

"ఇది పెడితే యాడిదైనా పనిచేస్తాదన్నాడు మా" అంది.

"చూసి పెట్టు మే."

భానుశ్రీ స్విచ్చి వేసింది.

చంద్రకాంతమ్మకు ముందు వినబడింది చప్పుడని కూడా అనిపించలేదు. ఎవరో చెవి మీద అరిచేత్తో బలంగా కొట్టినట్టయింది. పెట్టె వెనకనుంచి తెల్లటి వెలుగు గోడ మీద పడి ఆరిపోయింది. ఇల్లంతా కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి ఆగింది. తర్వాత పొగ. చేపలు మాడిన వాసన కాదు, రబ్బరు కాలిన వాసనా కాదు, ముక్కును కోసేసే ఇంకేదో వాసన. భానుశ్రీ తలుపు దాకా ఎప్పుడు పరిగెత్తిందో తనకే తెలియదు. చంద్రకాంతమ్మ మాత్రం కదల్లేదు. ఉన్నచోటనే నేల మీద కూలబడి, నోరు తెరిచి పెట్టెకేసి చూస్తూ ఉండిపోయింది.

పక్కింటి సిద్ధమ్మ చేతిలో చెంచా అట్లాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏందక్కా అది? సిలిండరా?"

"నా వంటిల్లు పోయింది సిద్ధా" అంది చంద్రకాంతమ్మ. ఆమె ఏమంటున్నదో సిద్ధమ్మకు అర్థం కాలేదు.

మర్నాడు భానుశ్రీ తనతో చదువుకున్న గుణశేఖర్‌ను పిలిపించింది. కొర్లగుంటలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి అతనిది. అతను మీటరు దగ్గర పోయిన ఫ్యూజు వేసి, పెట్టె వెనక ఉన్న చిన్న రేకు డబ్బాను ఊడదీసి, మూత తెరిచి, లోపల ఉబ్బి పగిలిన రెండు గొట్టాలను, నల్లబడిన ఫ్యూజును చూపించాడు. తర్వాత డబ్బా పక్కనున్న చీటీని వెలుతురుకు తిప్పి చదివి, తల పట్టుకున్నాడు.

"అత్తా, ఇది జపానుదా?"

"ఔ నాయనా."

"ఆడ ఇండ్లల్లో వచ్చేది నూరు వోల్టులే. మనకు రెండువందల ముప్పై. ఇది నూటికే చేసిండేది. అందుకే పేలిపోయింది. అంగట్లో కొనుక్కొచ్చిన పిన్ను ఉండాదే, అది ప్లగ్గు పళ్ళను మార్చేది, అంతే. కరెంటును తగ్గించదు. తగ్గించాలంటే ట్రాన్స్‌ఫార్మరు ఉండాల. నల్లగా, బరువుగా, గుయ్‌మంటా ఉంటాది. ఆడ మీకు యాడా కనపళ్ళేదా?"

చంద్రకాంతమ్మ అతని నోటివైపే చూస్తోంది.

"ఏమన్నావు? ఎన్ని?"

"నూరు వోల్టులు."

"వోల్టు" అని ఆమె తనలో తాను అంది. "వోల్టు... బొరుతో." ఆమె చేయి తనంతట తనే నోటి మీదికి వెళ్ళింది. "హ్యాకు బొరుతో. అయ్యో దేవుడా! నూరు వోల్టులని సెప్పినాడు బానూ. వేలు పెట్టి సూపించి మరీ సెప్పినాడు. నేను దండం పెట్టినాను!"

భానుశ్రీకి నవ్వు వచ్చింది కానీ తల్లి ముఖం చూసి ఆపుకుంది. రోజూ చీపురుతో పక్కకు జరిపిన ఆ డబ్బా చంద్రకాంతమ్మ కళ్ళ ముందు మెదిలింది.

గుణశేఖర్ హార్డ్‌డిస్కును విప్పి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత తెర మీద గీతలు పరుచుకున్నాయి. పొయ్యి గట్టు, కిటికీ, తూము. చంద్రకాంతమ్మ ఊపిరి వదిలింది.

"దెబ్బంతా సప్లై డబ్బాకే తగిలింది అత్తా, మిగతాది బతికింది. కొత్త డబ్బా వేస్తాను. నూటి నుంచి రెండువందల నలభై దాకా తట్టుకునేది. దీని తీగ కూడా పారేసి మన మూడు పిన్నుల తీగ వేస్తాను. తెరకు భయం లేదు, దాని చీటీ మీదనే రెండువందల నలభై అని ఉండాది. స్పీకర్లు మాత్రం నూటివే, వాటి జోలికి పోవద్దండి."

కొత్త డబ్బా బిగించాక, పెట్టే ముందు గోడ బోర్డును ఒకసారి చూస్తానన్నాడు. రెండు తీగలున్న బల్బు హోల్డరును రెండు రంధ్రాల్లో పెట్టాడు. బల్బు వెలిగింది. ఒక తీగను పైనున్న పెద్ద రంధ్రంలోకి మార్చాడు. వెలగలేదు. వంటింట్లో బోర్డు చూశాడు. అక్కడా వెలగలేదు. స్క్రూలు విప్పి లోపలికి చూశాడు. ఆ పెద్ద రంధ్రానికి తీగే లేదు.

"ఈ ఇంటికి ఎర్తే లేదు అత్తా. మూడు రంధ్రాలున్నాయి గానీ, మూడోది ఉత్తదే. నిన్న లోపల పేలినప్పుడు కరెంటు తీగ రేకుకు తగులుకోనుంటే, ఆ పెట్టెను ముట్టుకున్నోళ్ళు..." అతను ఆగాడు. "ఇంట్లో ఇంకేదన్నా ముట్టుకుంటే జిల్లుమంటాదా?"

"గ్రైండరు జిల్లుమంటాది" అంది చంద్రకాంతమ్మ మామూలుగా. "ఎప్పట్నించో అంతే. చెప్పులేసుకుని రుబ్బుతాములే."

గుణశేఖర్ పెరటి వసారాలోకి వెళ్ళి, గ్రైండరు ప్లగ్గు పెట్టి, దాని స్టీలు ఒంటికి టెస్టరు ఆనించాడు. టెస్టరులో ఎర్రటి దీపం నిండుగా వెలిగింది. వెంటనే ప్లగ్గు పీకేసి, తీగను చుట్ట చుట్టి చేత్తో పట్టుకున్నాడు, మళ్ళీ ఎవరైనా పెడతారేమో అన్నట్టు.

"దీన్ని ఇంక ముట్టుకోవద్దండి అత్తా. చెప్పులు కాపాడినాయి మిమ్మల్ని ఇన్నాళ్ళు. తడికాళ్ళతో, ఉత్తకాళ్ళతో ముట్టుకుంటే మనిషి మిగలడు."

 చంద్రకాంతమ్మ వసారా నేలకేసి చూస్తోంది. రేకుల అంచు నుంచి వానకు నీళ్ళు పడే చోటు అది. భానుశ్రీ మెల్లగా గోడకు ఆనుకుంది. ఆ వాన సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి చూసింది తనే. నాయన గ్రైండరు పక్కన ఒక పక్కకు పడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. మణికట్టు దాకా పిండి. గ్రైండరు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపింది తనే, గోడ మీద స్విచ్చితో.

"మా..." అంది.

"నువ్వేమీ అనొద్దు" అంది చంద్రకాంతమ్మ.

ఆమె గుణశేఖర్‌ను అడిగింది. "గుండె ఆగినా, కరెంటు కొట్టినా, సూసేదానికి ఒకటే మాదిరిగా ఉంటాదా నాయనా?"

గుణశేఖర్‌కు విషయం అప్పుడు తట్టింది. అతను భానుశ్రీ వైపు చూశాడు. "నాకు తెలీదు అత్తా" అన్నాడు. "ఇప్పుడు ఎవురికీ తెలీదు."

చంద్రకాంతమ్మ ఏడవలేదు. అదే ఆ పిల్లలిద్దరినీ భయపెట్టింది. గ్రైండరుకు ఎదురుగా మెట్టు మీద కూర్చుని, ఎండ వసారా దాటిపోయేదాకా దాన్నే చూసింది. ఆయన పోయిన పదకొండో రోజున వడలకు పిండి ఆ గ్రైండర్లోనే రుబ్బారు. తనే రుబ్బింది. చేతికి జిల్లుమంటే, చెప్పులు తెమ్మని కూతురికి చెప్పింది. కర్మ ఇంట్లో చెప్పులేమిటని ఒక ముసలమ్మ కసిరితే, ఒక గోనెపట్ట మడిచి కాళ్ళ కింద వేసుకుంది. అంత మామూలుగా. ఎన్ని ఏళ్ళుగానో మామూలుగా.

ఏకాంబరం అనే కరెంటు మేస్త్రీ వచ్చి పెరట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి ఇనుప గొట్టం దించాడు. ప్రతి బోర్డుకూ మూడో తీగ లాగాడు. కరెంటు ఒంటికి తగిలితే కన్ను మూసి తెరిచేలోగా మొత్తం ఆపేసే స్విచ్చి మీటరు పక్కన బిగించాడు. గ్రైండరును పాత సామాన్ల వాడికి ఇవ్వబోతే చంద్రకాంతమ్మ ఒప్పుకోలేదు. ఎవరో బాగుచేసి ఇంకో ఇంటికి అమ్ముతారని, ముందు దాని మోటారు తీగలన్నీ కోయించింది.

వీడియో కాల్‌లో దుబాసిని పెట్టుకుని మొరితాకు కంప్యూటరు సంగతి మాత్రమే చెప్పింది. దీవెన అనుకున్నానని చెప్పేసరికి దుబాసి నవ్వాడు. మొరితా నవ్వలేదు. ముఖం తెల్లబడింది. తల వంచాడు, ఎంతసేపు వంచాడంటే తెర మీద ఆయన నెరిసిన జుట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు. "లెయ్యి సామీ, లెయ్యి" అని ఆమె తెలుగులోనే బతిమాలింది. వరదయ్య సంగతి ఆయనకు చెప్పలేదు.

కంప్యూటరు నడుస్తోంది. మెస్సుకు గోడలు లేస్తున్నాయి. కానీ చంద్రకాంతమ్మకు మునుపటిలా మేస్త్రీల వెంట ఉండి గట్టు కొలిపించే ఓపిక లేదు. పొద్దున్నే ఏకాంబరాన్ని వెంటబెట్టుకుని ఎర్తు ఉందా, ఏదైనా జిల్లుమంటుందా చూపిస్తానని వీధిలో ఒక్కో ఇంటి తలుపు తడుతోంది. కొందరు నవ్వారు. కొందరు ఇల్లుగలాయనను అడగాలన్నారు. ఒకాయన పొద్దున్నే ఏందీ గోల అని తలుపేసుకున్నాడు.

సిద్ధమ్మ మాత్రం లోపలికి రమ్మంది. "మా ఇంట్లో అట్లాంటిదేమీ లేదక్కా. ఫ్రిజ్జు తలుపు రవ్వంత చీమ కుట్టినట్టు ఉంటాది, అంతే. పిలకాయలకు కూడా అలవాటైపోయింది" అంటూ, టీ పెడదామని పాల కోసం ఉత్తకాళ్ళతో వంటింట్లోకి నడిచింది.

చంద్రకాంతమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆమె రెట్ట పట్టుకుని వెనక్కి లాగింది.  ఏకాంబరం ముందుకెళ్ళి ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసేదాకా పట్టు వదల్లేదు.