నెప్ట్యూన్ దాకా నడిచినవాళ్లు

జిగురత్త అసలు పేరు ఆ వీధిలో ఎవరికైనా గుర్తుందో లేదో అనుమానమే. ఆమె వేళ్ల చివర్లకు ఎప్పుడూ ఎండిన జిగురు పొరలు పొరలుగా అంటుకుని ఉంటుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు అది. పిల్లలు పెట్టిన పేరుకు తిరుగుండదు. మొదట్లో ఆమె మొగుడు, అంటే మూడో మలుపులో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ, వీధిలోకొచ్చి మరీ అరిచాడు, నా పెళ్లాన్ని పట్టుకుని జిగురంటార్రా అని. వారం తిరక్కుండా ఆయనే, "మా జిగురు ఇంకా ఇంటికి రాలేదా?" అని గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లను అడగడం మొదలుపెట్టాడు.

జిగురత్త బతుకంతా అట్టపెట్టెల కార్ఖానాలో గడిచింది. చెప్పుల పెట్టెలు, మందుల పెట్టెలు, బల్బుల పెట్టెలు. పొద్దున్న వెళ్లి కూచుంటే సాయంత్రానికి తన ఎత్తు గుట్ట పేర్చి లేచేది. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలకు ఆమె నేర్పిన పాఠం ఒకటే. "నాలుగు వైపులా ఎంత బాగా మడిచినా అది ఇంకా అట్టముక్కేనమ్మా. ఆఖరి మడత లోపలికి దూరితేనే పెట్టె. అదొక్కటీ మరిచిపోయావంటే పొద్దుట్నించీ చేసిందంతా గాలికి లేచిపోద్ది." ఈ మాట ఆమె ఎన్నిసార్లు అందో ఆ గోడలకే తెలియాలి.

మోకాలు మొరాయించాక కార్ఖానా మానేసింది. ఊరికే కూచోవడం ఆమె జాతకంలో లేదు. వీధి మొదట్లో ఉన్న చిన్న గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలేస్తానని వెళ్లింది. అక్కడ ఉద్యోగం చేసే అమ్మాయిని పిల్లలు పుస్తకాలక్క అంటారు. పుస్తకాలక్క వెనకగది తాళం తీసిచ్చింది. అత్త అట్టలు కోస్తుంటే, మిగిలిన ముక్కల కోసం ఒక పిల్ల వచ్చింది, ఆ పిల్ల వెనక ఇంకో ఇద్దరు. బెల్లమున్న చోటికి చీమలకు దారి చెప్పాలా? నెల తిరిగేసరికి ఆ గదిలో కాలు పెట్టే సందు లేదు.

అలా మొదలైంది ఆమె రెండో ఉద్యోగం. పళ్లెంలో పిండి పరిచి, పైన రంగుపొడి చల్లి, గోలీలు పైనుంచి వదిలితే చంద్రుడి మీద గుంటలు ఎలా పడ్డాయో పిల్లలకు తెలిసిపోయేది. పుల్లకు బంతి గుచ్చి దీపం ముందు పట్టుకుని తమ చుట్టూ తాము తిరిగితే నెలవంకా, సగం చంద్రుడూ, నిండు చంద్రుడూ ఒకరి తర్వాత ఒకరు వచ్చిపోయేవాళ్లు. ఎందుకలా అవుతుందో చెప్పడానికి పుస్తకాలక్క ఉంది. ఎలా చెయ్యాలో చూపించడానికి అత్త ఉంది. ఇద్దరికీ మధ్య ఒకే ఒక్క తగాదా, గచ్చు మీద పడ్డ జిగురు ఎవరు గీకాలన్నది.

బుడగల మీద పాతకాగితాలు అంటించి, ఎండబెట్టి, రంగులేసి ఎనిమిది గ్రహాలు చేశారు. దారాలు కట్టి పైకప్పుకు వేలాడదీశారు. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. ఒక్క పిచ్చుక మాత్రం అనలేదు. పిచ్చుకంటే రెక్కలున్నది కాదు, గుప్పెడంత మనిషీ గంపెడన్ని ప్రశ్నలూ ఉన్న పిల్ల. అది తల పైకెత్తి చాలాసేపు చూసి, "నిజంగా ఇంత దగ్గరదగ్గరగా ఉంటాయా అత్తా? ఢీకొట్టుకోవూ?" అంది.

అత్త పుస్తకాలక్క వంక చూసింది. పుస్తకాలక్క కాగితం కలం తీసుకుని కూచుంది. సూర్యుణ్ణి ఫుట్‌బాల్ అంత చేస్తే భూమి ఎంత, ఎంత దూరంలో అని లెక్కవేసి తలెత్తింది. "భూమి ఆవగింజంత ఉంటుందత్తా. ఇస్త్రీ దుకాణం దగ్గరుంటుంది. నెప్ట్యూన్ బఠానీ గింజంత. అది బస్సు డిపో గోడ దగ్గర."

"డిపోనా!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో. అత్త కళ్లు మెరిశాయి. గది చాలదు, వీధి కావాలి అనుకుంది.

ఇక వీధంతా సౌరకుటుంబమైంది. సూర్యుడు గ్రంథాలయం అరుగు మీద. బుధుడూ శుక్రుడూ ఆ ఆవరణలోనే. భూమి ఇస్త్రీ దుకాణంలో, కుజుడు క్షౌరశాలలో, గురుడు సైకిళ్లు బాగుచేసే చోట. శని దర్జీ దుకాణానికి పడింది.

"వీధిలో ఇన్ని దుకాణాలుండగా శని నాకే పట్టాలా?" అన్నాడు దర్జీ.

"ఎప్పుడో పట్టిందయ్యా నీకు, పెళ్లినాడే. ఇప్పుడు బోర్డు పెడుతున్నాం, అంతే," అంది అత్త.

యురేనస్ పిండిమర దగ్గరికి చేరింది. నెప్ట్యూన్ ఎక్కడో వీధి చివర, గోడా, ఆగి ఉన్న బస్సులూ తప్ప ఇంకేమీ లేని చోట. ఒక్కో గ్రహం దగ్గర ఒక పిల్లో పిల్లాడో నిలబడి వచ్చినవాళ్లకు ఆ గ్రహం సంగతులు చెప్పాలి. ఎవరికి ఏది అన్నది చీట్లు వేసి తీశారు. పిచ్చుకకు నెప్ట్యూన్ వచ్చింది.

పిచ్చుక ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "అక్కడికెవరొస్తారత్తా? బస్సులొస్తాయి," అంది.

ఆ మాట అత్త గుండెలో ముల్లులా దిగింది. పుస్తకాలక్క ఆమెను పక్కకు పిలిచి, "పోనీ, నెప్ట్యూన్‌ని కూడా పిండిమర దాకా జరిపేద్దామా అత్తా? పిల్ల ముఖం చూడు. దూరం ఎవరు కొలుస్తారు?" అంది.

"ఎవరూ కొలవరు. ఆ పిల్ల కొలుస్తుంది. దగ్గరదగ్గరగా ఉంటాయా అని అడిగిందే అది. దానికే మనం అబద్ధం చూపిస్తే రేపట్నించి ఏ ముఖం పెట్టుకుని ఈ గదిలో కూచోను?" అంది అత్త. తర్వాత పిచ్చుక ముందు మోకాలు పట్టుకుని కష్టంగా వంగింది. "వస్తారే. గురుణ్ణి చూసినవాళ్లంతా నీ దగ్గరికీ వస్తారు. రాకపోతే నా పేరు జిగురత్తే కాదు."

"అది నీ పేరు కాదుగా!" అంది పిచ్చుక.

మాటైతే ఇచ్చేసింది. ఇంటికెళ్లాక భయం పట్టుకుంది. జనం సంగతి ఆమెకు తెలియనిది కాదు. గురుడి దగ్గర పక్కనే టీ దొరుకుతుంది, శని దగ్గర కూచోడానికి బల్ల ఉంది. ఆ తర్వాత ఎండ. ఎవరు నడుస్తారు? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు దర్జీ ఏదో పార్సిల్ విప్పి పెట్టె పక్కన పడేస్తే, దాని మూత మడత ఊడి, పెట్టె నేలమీద పరుచుకుంది. అత్త దాన్నలా చూస్తూ ఉండిపోయింది. కార్ఖానాలో నోరరిగేలా చెప్పిన పాఠం తనకే మళ్లీ చెప్పినట్టయింది.

మర్నాడు కార్ఖానా నుంచి రంగురంగుల అట్టముక్కలు తెచ్చింది. ఒక్కో గ్రహానికి ఒక్కో రంగు పట్టీ. గ్రహం దగ్గరికొచ్చి, అక్కడున్న పిల్ల చెప్పింది విన్నవాళ్లకే పట్టీ దొరుకుతుంది. పట్టీల చివర్లలో గాట్లు పెట్టింది. ఒకదాన్లో ఒకటి దూర్చుకుంటూ పోతే వంగి గోళంలా తయారవుతుంది. కానీ చేత్తో పట్టుకున్నంతసేపే. వదిలితే విచ్చుకుపోతుంది. ఎనిమిదో పట్టీ, నెప్ట్యూన్ దగ్గర ఇచ్చే ముదురు నీలం పట్టీ, నడుంచుట్టూ బిగిస్తేనే గోళం నిలుస్తుంది.

"అమ్మ అత్తా!" అంది పుస్తకాలక్క.

అన్ని రంగులూ దండిగా కోసింది. నీలం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి కాస్త ఆగింది. అంత దూరం ఎంతమంది పోతారులే, ఇవి చాలు అనిపించింది. పిల్లకు మాటిచ్చిన నోరు ఒకటి, అట్ట కోసే చెయ్యి ఒకటి. నీలం పట్టీల కట్ట మిగతావాటి పక్కన బక్కచిక్కి కనిపించింది. దాన్ని తీసుకుని పిచ్చుక చేతిలో పెట్టింది.

ఆ ఆదివారం వీధి వీధంతా కదిలింది. తల్లులూ, తండ్రులూ, పక్కవీధుల పిల్లలూ, ఏం జరుగుతోందో తెలియక వచ్చినవాళ్లూ. అత్త మోకాలి పుణ్యమా అని సూర్యుడి పక్కన కుర్చీలో కూచుంది. ఆవగింజను చూసి, "ఇదేనా భూమి! ఇన్నాళ్లూ దీనిమీదేనా నేను ఇంతలేసి అరుపులు అరిచింది!" అని ఇస్త్రీ ఆయన అంటే జనం విరగబడి నవ్వారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒకాయన వెనక్కి వస్తూ కనిపించాడు. చేతిలో గోళం. విచ్చుకోకుండా నిలిచిన గోళమే. కానీ నడుంచుట్టూ నీలం పట్టీ లేదు. ఆయన వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక ఒక కుటుంబం. అత్త ఒక గోళం అడిగి తీసుకుని తిప్పి చూసింది. పట్టీలను కలిపి దారంతో నాలుగు కుట్లు, దగ్గరదగ్గరగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ కుట్టు ఎవరిదో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఆ చేతి కుట్టు చొక్కాలే ఉతుకుతోంది.

"ఈయన నా కొంప ముంచాడు!" అని లేచింది.

కోపంతో లేచింది గానీ కోపంతో నడవనిచ్చేవాళ్లేరీ? తను పెట్టిన నియమం తనకే అడ్డొచ్చింది. బుధుడి దగ్గర పిల్లాడు చేతులు చాపి, "అత్తా, ఆగు! నా దగ్గర ఏడాదంటే ఎనభై ఎనిమిది రోజులే!" అని మొదలుపెట్టాడు. విని తీరాలి. విని, పట్టీ తీసుకుని, నాలుగడుగులు వేస్తే శుక్రుడు. ఆ పిల్ల ఇంకా వివరంగా చెప్పింది. మొగుణ్ణి తిట్టడానికి బయల్దేరిన మనిషి ప్రతి గ్రహం దగ్గరా ఆగి, తలూపి, శభాష్ అని, పట్టీ పుచ్చుకుని, శని దగ్గరికి చేరేసరికి సగం కోపం దారిలోనే ఖర్చయిపోయింది.

దర్జీ మాత్రం వెలిగిపోతున్నాడు. ముందు వరసలో జనం, మెళ్లో టేపు, నోట్లో దారం. "చూశావా, నీ గోళాలన్నీ ఊడిపోతున్నాయే! పాపం పసివాళ్లు పట్టుకోలేక అవస్థ పడుతుంటే, నేనే నాలుగేసి కుట్లు వేసి పంపిస్తున్నా," అన్నాడు.

"ఎంతమందికి వేశావు?"

"వచ్చిన ప్రతి ఒక్కళ్లకీ!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

అత్త బల్లమీదున్న ఆయన కత్తెరే తీసుకుంది. ఎదురుగా ఉన్న పెద్దాయన చేతిలోని గోళం కుట్లు టకటకా కత్తిరించింది. గోళం విచ్చుకుని పట్టీలు ఆయన చేతినిండా పరుచుకున్నాయి.

"ఇదేంటమ్మా, చక్కగా ఉన్నదాన్ని!" అన్నాడాయన.

"చక్కగా లేదండీ. మీది ఇంకా పూర్తి కాలేదు. యురేనస్ ఉంది, నెప్ట్యూన్ ఉంది. అక్కడ మా పిల్ల ఎండలో నిలబడింది మీకోసం. ఆఖరి పట్టీ దాని చేతిలోనే ఉంది. అదుంటే ఈ కుట్లు అక్కర్లేదు."

ఆయన చేతిలోని పట్టీల్ని చూసుకున్నాడు, దూరంగా వీధి చివరకు చూశాడు, పదండిరా అని పిల్లల్ని కేకేసి నడిచాడు. అత్త అక్కడ కుట్టించుకున్న వాళ్లందరి కుట్లూ విప్పింది. దర్జీకి అప్పటికి సంగతి బుర్రకెక్కింది. ముఖం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు.

"నిలబడతావేంటయ్యా? వెనక్కెళ్లినవాళ్లని పట్టుకురా!"

ఆయన వీధిలో పరిగెత్తాడు. "కుట్లు విప్పుతాం, రండి! దర్జీ కుట్టింది చెల్లదు, వెనక్కి రండి!" అని అరుస్తూ. జీవితంలో తన కుట్టు చెల్లదని ఆ దర్జీ తన నోటితో అన్నది ఆ ఒక్కరోజే.

అత్త నెమ్మదిగా ముందుకు కదిలింది. పిండిమర దాటి ఆమె నడిచి ఎంత కాలమైందో. మోకాలు ప్రతి అడుక్కీ ఒక మాట అంటోంది. పక్కనుంచి జనం దాటిపోతున్నారు, పట్టీలు రెండు చేతులా పొదివి పట్టుకుని, ఊడిపోతుందేమో అన్న ఆదుర్దాతో గబగబా. పిచ్చుక గోడ పక్కన ఒంటరిగా ఉందేమో, ఇప్పటికే మనసు విరిగి ఇంటికెళ్లిపోయిందేమో అనుకుంటూ డిపో మలుపు తిరిగింది.

పిచ్చుక కనిపించలేదు. కనిపించేందుకు సందుంటేగా! గోడ పొడవునా జనమే. బస్సు దిగిన డ్రైవర్లు కూడా చేరారు. మధ్యలోంచి గొంతు మాత్రం వినిపిస్తోంది, బొంగురుపోయిన గొంతు. "నా దగ్గర ఒక్క పుట్టినరోజు రావాలంటే నూట అరవై అయిదేళ్లు ఆగాలి! తొయ్యకండి! అందరూ వింటేనే!"

అత్తను చూడగానే జనాన్ని తోసుకుని బయటికొచ్చింది. చేతులు రెండూ ఖాళీ. కళ్లలో నిప్పులు.

"అత్తా! పట్టీలు అయిపోయాయి! ఇంకా ఇంతమంది ఉన్నారు! ఎందుకంత తక్కువ కోశావు?"

వస్తారని మాటిచ్చిన మనిషే నమ్మలేదన్న సంగతి జిగురత్తకు ఆ ఖాళీ చేతుల్లో కనిపించింది. సిగ్గేసింది. సిగ్గు వెంటే ఎక్కడలేని సంతోషం వచ్చింది. పిచ్చుకను గట్టిగా దగ్గరికి లాక్కుని, "తప్పయిపోయిందే తల్లీ, నిన్ను తక్కువ అంచనా వేశాను," అంది.

అప్పుడు రొప్పుకుంటూ దర్జీ వచ్చాడు, వెనక్కెళ్లిన జనాన్నంతా వెంటబెట్టుకుని. సంగతి వినగానే మళ్లీ దుకాణానికి పరిగెత్తి నీలం గుడ్డముక్కలు చంకనిండా తెచ్చాడు. గోడకానుకుని కూచుని పట్టీలుగా చించి ఇస్తుంటే, పిచ్చుక పుట్టినరోజు సంగతి చెప్పి ఒక్కొక్కరి గోళానికీ నడుంచుట్టూ కట్టింది. అత్త తన ఏడు పట్టీలూ పట్టుకుని వరసలో చిట్టచివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి గుడ్డ కూడా అయిపోయింది.

"చొక్కా చించనా?" అన్నాడు దర్జీ.

"వద్దు. దీన్నిలాగే ఉండనీ," అంది అత్త.

ఆ ఏడు పట్టీల గోళం ఇప్పటికీ గ్రంథాలయం వెనకగదిలో, ఊడిపోకుండా ఒక గాజుగిన్నెలో పెట్టి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు, "అన్నీ ఇంత చక్కగా చేశారు, ఇదొక్కటీ సగంలో వదిలేశారేంటి? దీనికి నెప్ట్యూన్ లేదా?" అని అడుగుతారు. జిగురత్త ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటుంది. జిగురు వేళ్లు చీరకు తుడుచుకుని, గిన్నె వాళ్ల చేతికిచ్చి చెబుతుంది.

"నా దాకా రాలేదమ్మా. అంతమంది వెళ్లారు."